పందుల కుంటు: కీలు ద్రవం కల్చర్‌లో ఏమీ పెరగలేదు, తర్వాత ఏ పరీక్ష?

షెడ్డులో 14–16 వారాల పందులు 120. పది రోజుల్లో 11 కుంటడం మొదలుపెట్టాయి, ఎక్కువగా వెనక కాళ్లే. జ్వరం 39.5 డిగ్రీలు దాటలేదు, మేత బాగానే తింటున్నాయి. మోకీలు కాస్త ఉబ్బింది, గిట్టల్లో పుండ్లు లేవు, చర్మం మీద ఎర్రటి పలకల మచ్చలూ లేవు. లేపితే కాలి వేళ్ల కొసల మీద నిలబడి, రెండడుగులు వేసి కుక్కలా కూలబడుతున్నాయి. చూడలేకపోతున్నాం.

పెన్సిలిన్ మూడు రోజులు వేశాం, గుణం లేదు. కీళ్లవాపు తెచ్చే బాక్టీరియా జబ్బులైన స్ట్రెప్టోకాకస్ సూయిస్, ఎరిసిపెలాస్ అయితే సాధారణంగా దానికి లొంగుతాయి. మైకోప్లాస్మా అనే బాక్టీరియాకు కణకవచమే లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. అనుమానం అందులో కీళ్లకు సోకే రకం, మైకోప్లాస్మా హయోసైనోవియే మీదే. ఒక పంది కీలు నుంచి తీసిన ద్రవం పసుపు గోధుమ రంగులో, సన్నటి ఫైబ్రిన్ పొరలతో ఉంది. మామూలు కల్చర్‌లో (ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. కానీ ఆ పందికి అప్పటికే రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, పైగా మైకోప్లాస్మా మామూలు కల్చర్ మీడియాలో పెరగదు. టాన్సిల్ శాంపిల్ తీయలేదు. ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ అది దొరుకుతుంది.

ఇప్పుడు మందు పడని, నిన్ననే కుంటడం మొదలైన మూడు పందులున్నాయి. ఆస్టియోకాండ్రోసిస్ (ఎదిగే పందుల్లో కీలు మృదులాస్థి దెబ్బతినే, బాక్టీరియాతో రాని జబ్బు) కాదని తేల్చడానికి కీలు ద్రవం పీసీఆర్ (బాక్టీరియా డీఎన్ఏ వెతికే పరీక్ష) ఒక్కటి చాలా, లేక ఒకదాన్ని కోసి కీలు పొర హిస్టాలజీకి (మైక్రోస్కోపు కింద కణజాలం చూసే పరీక్షకు) కూడా పంపాలా?