ఒక్క డిగ్రీ వేడికి సముద్రంలో చేపకు ఏమవుతుంది?

శ్రీకాళహస్తి ఉపాధ్యాయిని:
నేను శ్రీకాళహస్తి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కిందని గత వారం ఎనిమిదో తరగతిలో చెప్పాను. వెంటనే ఒక అమ్మాయి లేచి, "మన ఊళ్ళో తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటుంది కదా టీచర్, నీళ్ళలో ఉండే చేపకు ఒక్క డిగ్రీ ఒక లెక్కా?" అని అడిగింది. నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ అమ్మాయి తండ్రి చెన్నై కాశిమేడు నుంచి చేపలు తెచ్చి తిరుపతిలో అమ్ముతారు కనుక, ఆమె రోజూ చూసే చేపలతోనే వివరించాలని ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ముత్తుకూరు మత్స్యశాస్త్ర విద్యార్థి:
టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగినది అసలైన ప్రశ్న. ఎంత ఎండ కాసినా మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. చేపకు ఆ వీలు లేదు. సూర (ట్యూనా) వంటి కొన్నింటిని మినహాయిస్తే, చుట్టూ ఉన్న నీటి వేడే దాని ఒంటి వేడి. అందువల్ల ఆ ఒక్క డిగ్రీని ఎండతో కాకుండా, ఎంతకీ దిగని జ్వరంతో పోల్చి చెప్పండి. ఒళ్ళు వేడెక్కిన కొద్దీ చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కానీ నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరుగుతుంది. ఉప్పునీటిలో అంతకన్నా తక్కువ. గిన్నెలో నీళ్ళు కాచేటప్పుడు, మరగడానికి చాలా ముందే అంచులకు పట్టే సన్నని బుడగలను పిల్లలకు చూపించండి. అవి నీటిలోంచి బయటపడుతున్న గాలి.

ఇక ఆ అమ్మాయికి తెలిసిన చేపల్లో మొదట కానాగంతను తీసుకోండి. దీని శాస్త్రనామంలో ఉన్న 'కానగుర్త' మన తెలుగు మాటే. విశాఖ తీరపు చేపల గురించి ప్యాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన గ్రంథం నుంచి శాస్త్రంలోకి వెళ్ళింది. ఇది నీటి పైభాగంలో గుంపులుగా తిరిగే చేప. 1985–89లో దేశంలో పట్టిన కానాగంతల్లో అడుగు నీటిలో లాగే ట్రాలు వలలకు పడినవి 2 శాతమే కాగా, 2003–07 నాటికి అది 15 శాతానికి చేరిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పైనీరు వేడెక్కడంతో ఆ చేప లోతుకు దిగుతోందని వారి వివరణ. మనవైపు మత్తి అనీ కోస్తాలో కవళ్ళు అనీ పిలిచే చేపల్లో నూనె మత్తి ఒకప్పుడు ప్రధానంగా మలబారు తీరానిదే. ఇప్పుడు తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ పడుతోంది. చెన్నైవారు శంకర అనే చేప ఊరు మారకుండా కాలం మార్చుకుంది. దాని గుడ్ల కాలం ఏప్రిల్–సెప్టెంబరు నుంచి క్రమంగా అక్టోబరు–మార్చి చల్లని నెలల వైపు జరిగింది.

తడ వాసి:
మాది పులికాట్ ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం. పై వివరణ చాలా బాగుంది, అయితే పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పాలని కోరుతున్నాను. సముద్రంలో చేప లోతుకు దిగగలదు, వేరే తీరానికి పోగలదు. సరస్సులో మాకు చాలాచోట్ల మనిషి నిలబడితే మునిగేంత లోతు కూడా ఉండదు. ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు పెరిగితే, అక్కడి రొయ్యకూ పీతకూ సముద్రంలోకి పోయే దారి ముఖద్వారం ఒక్కటే. రాయదొరువు దగ్గర అదీ ఇసుకతో పూడుకుపోయింది. కాబట్టి మాకు చేప తగ్గడానికి వేడి ఒక్కటే కారణమని చెప్పవద్దు. పూడికా ఉంది, పిల్ల చేపలను కూడా వదలని సన్నకన్ను వలలూ ఉన్నాయి. కారణాన్నంతా వేడి మీదకు నెట్టేస్తే, మన చేతిలో ఉన్న పని ఎవరూ చేయరు.

శ్రీకాళహస్తి ఉపాధ్యాయిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తరగతిలో గిన్నె పెట్టి బుడగలు చూపించాను. అదే అమ్మాయి మళ్ళీ అడిగింది: తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కదా, శంకర చలికాలంలో గుడ్లు పెడితే దానికి ఆ నిషేధం ఏం ఉపయోగం?

ముత్తుకూరు మత్స్యశాస్త్ర విద్యార్థి:
ఆ నిషేధం ఒక్క శంకర కోసం పెట్టినది కాదు కనుక, ఒక్క చేపను చూసి తేదీలు మార్చమనలేము. కానీ గుడ్ల కాలం జరిగిన చేపకు దానివల్ల దక్కే రక్షణ తగ్గుతుందన్న మాట నిజం. ఏ చేప ఏ నెలలో గుడ్లతో ఉందో ఏళ్ళ తరబడి చూస్తూ పోతేనే ఇది తేలుతుంది. వాళ్ళ నాన్నగారు చేపలు కోసేటప్పుడు శంకరలో గుడ్లు కనబడిన రోజునూ, కనబడని రోజునూ తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఏడాది నిండాక ఆ పుస్తకాన్ని చూడాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది.