సమస్య: కాళ్ళు నాల్గు గూడి కాలు పోయె

నిర్వాహకుడు: పొద్దున్నే తాతగారి పద్దుపుస్తకం తిరగేస్తుంటే తట్టింది. ఇది చివరి పాదం, ముందు మూడూ మీరు కట్టి అర్థం కుదిరేలా ఆటవెలదిలోనే పూరించండి. చతుష్పాద జంతువులతో వచ్చేవాళ్ళు కాస్త ఆగి రండి.

తాటాకు:
పద్దు పుస్తకమున పాతలెక్కలు జూడ
వీసమొకటి పరక వెంట నడచె
పాతికలను నాల్గు పక్కపక్కన బెట్ట
కాళ్ళు నాల్గు గూడి కాలు పోయె

చద్దిమూట: ఆహా! కాలంటే పావు! నాలుగు పావులు కలిస్తే ఒకటి, ఇక కాలెక్కడ? వీసం పరక వెంట నడవడం ఇంకా బాగుంది. పదహారో వంతు ఎనిమిదో వంతు వెనకాల బుడిబుడి నడకలు! 1957లో నయాపైసలు రాకముందు రూపాయి జేబులో ఈ సంసారమంతా ఉండేది: పావలా కాలు, బేడ పరక, అణా వీసం.

అరసున్న: చమత్కారం సరే. భిన్నానికి 'కాళ్ళు' అని బహువచనం ఏ కరణంగారి నోట విన్నారు తాటాకుగారూ? పైగా 'నాల్గు' సమస్యలోనే ఉంటే మూడోపాదంలో మళ్ళీ ఎందుకు?

తాటాకు: సంస్కృతంలో పాదమంటే అడుగూ, పావూ. తమిళంలో కాల్ అన్నా అంతే. అక్కడ పాదాలు పలికితే నా కాళ్ళకు సంకెళ్ళెందుకు? 'నాల్గు' సంగతి ఒప్పుకుంటాను.

గిద్దెడు: పాదమంటే గుర్తొచ్చింది, నాదీ ఒకటి.
పాదములను కట్టి పద్యమల్లితి గాని
యతియె జారిపడియె నడుగు తప్పి
కుంటి పద్యమనుచు గురువుగారు నగిరి
కాళ్ళు నాల్గు గూడి కాలు పోయె

అరసున్న: యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత, జారిందని చెప్పే పాదంలోనే యతి జారిందా? 'య'కు 'న'నా? గిద్దెడుగారూ, గిద్దెలు అరవై నాలుగైతేనే కుంచం; మీవంటివారు అరవై నలుగురు కలిస్తే గాని అది నిండదు.

గిద్దెడు: పడియెన్ + అడుగు. ద్రుతాన్ని, అదే చివరి 'న్'ని, పక్కన పెట్టి అచ్చు చూడండి, 'య'కు 'అ' చెల్లుతుంది. మీ పేరులో సున్న సగమే ఉంది, చూపు కూడా అంతేనా బాబాయ్?

నిర్వాహకుడు: యతి చెల్లింది. అరసున్నగారు ఇంకా 'కోళ్ళు' మరిచిపోలేదు, అదీ అసలు బాధ.

చద్దిమూట: నేను కొత్త. ఏం కోళ్ళు?

నిర్వాహకుడు: అప్పుడిచ్చిన సమస్య 'కోళ్ళు నాల్గు మోసెఁ గుంభకర్ణు'. అరసున్నగారు లంకలో కోడిపందేలు పెట్టి పుంజుల మీద కుంభకర్ణుణ్ణి ఊరేగించారు. గిద్దెడు ఒక్క ముక్కలో మంచంకోళ్ళు, అంటే మంచం కాళ్ళు, అన్నాడు. అంతే, పందెం ముగిసింది.

అరసున్న: నా పుంజులకు యతి తప్పలేదు, అది చాలు. ఇదుగో నా పూరణ.
ముక్కాలి పీట నొకటి ముసలమ్మ కొసగిన
నాల్గవదియు చేర్చె నవ్వుకొనుచు
పీట నడుగ పేరు పేలవంబై పోయె
కాళ్ళు నాల్గు గూడి కాలు పోయె

గిద్దెడు: నాలుగోకాలు రాగానే 'ముక్కాలి' పేరు ఎగిరిపోవడం నిజంగా బాగుంది, దాచుకోను. కానీ 'ముక్కా' రెండు గురువులు, బరువక్షరాలు! గురువు వెంట లఘువో, మూడు లఘువులో ఉండాల్సిన సూర్యగణం మొదటి అడుగులోనే కుంటింది. మూడుకాళ్ళ పీట ముసలమ్మ కొసగిన అంటే సరిపోయేది.

అరసున్న: దిద్దుకున్నాను. ముక్కాలు అంటే ముప్పావు కూడానని, దానికి కాలు చేరిస్తే పూర్ణమని, మీకు తట్టలేదు గదా!

తాటాకు: అది పద్యంలో ఉండాలి బాబాయ్, వ్యాఖ్యలో కాదు.

చద్దిమూట: కాళ్ళ మాటొచ్చింది కాబట్టి ఒకటి. శతపాది, అదే మన జెర్రి, పెరిగాక దాని కాళ్ళజతలు ఎప్పుడూ బేసే. పదిహేను నుంచి నూటతొంభైయొకటి దాకా ఉంటాయి. నూరుకాళ్ళంటే యాభై జతలు, సరిసంఖ్య. అందుకే సరిగ్గా నూరుకాళ్ళ జెర్రి ఉండదు.

తాటాకు: వేయికాళ్ళ జెర్రి అన్న సామెత కట్టినవాడు లెక్కపెట్టలేదన్నమాట.

అరసున్న: లెక్కపెట్టేవాడికి సామెతలు పుట్టవు.

నిర్వాహకుడు: జెర్రిని పద్యంలో కట్టి తీసుకురండి, ఇలా వదలకండి. చద్దిమూటగారూ, పూరణ బాకీ ఉన్నారు.