సాయంత్రం గంట ఎవరికి: స్కాలర్‌షిప్ పరీక్ష రాసే పిల్లలకా, చదవడం రాని పిల్లలకా?

చంద్రగిరి మాస్టారు:
మాది సర్కారు హైస్కూలు. ఎనిమిదో తరగతిలో బాగా చదివే పిల్లలకు బడి వదిలాక గంటసేపు ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్షకు చెప్తున్నాను. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. కూలి చేసుకునే ఇంట్లో ఆడపిల్లను పది తర్వాత కూడా చదివించడానికి ఆ డబ్బు ధైర్యం ఇస్తుంది. మా స్టాఫ్ రూములో మాత్రం, తెలుగు పేరా చదవలేని వాళ్లను వదిలేసి ముందున్న వాళ్లకే చెప్పడం అన్యాయం అంటున్నారు. మీరేమంటారు?

పలమనేరు కుర్రాడు:
ఆపొద్దు సార్. మా అక్క ఇంటర్ చదివిందంటే ఆ స్కాలర్‌షిప్ వల్లే.

నగరి అమ్మ:
స్టాఫ్ రూములో అన్నదే నిజం సార్. మా వైపు చాలా ఇళ్లలో అరవం మాట్లాడతారు. బడికి పోతే బిడ్డకు తెలుగే కొత్త, ఇంగ్లీషు ఇంకా కొత్త. మూడో తరగతికే వెనకబడతాడు. అయినా ఏటా పై తరగతికి పంపిస్తూనే ఉంటారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు వాడికి మిగిలేది మరమగ్గం పనే.

అలిపిరి వాసి:
కోచింగ్ సంగతి తర్వాత. ఆదాయం సర్టిఫికెట్ సంగతి ముందు చెప్పండి. మా తమ్ముడి బడిలో చివరి తేదీ ముందురోజు చెప్పారు. మా నాయన పని మానుకుని సచివాలయం చుట్టూ తిరిగినా చేతికి రాలేదు. మూడున్నర లక్షల లోపు ఆదాయం అని రుజువు చూపలేక తెలివైన పిల్లాడు పరీక్షే రాయలేదు.

పుత్తూరు పాఠకుడు:
మాస్టారు డబ్బు తీసుకుంటున్నారా? ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో ఉంది.

చంద్రగిరి మాస్టారు:
రూపాయి తీసుకోను. అలిపిరి వాసి గారూ, సర్టిఫికెట్లు జూన్‌లోనే తెప్పిస్తాను. అమ్మా, ఈ పరీక్ష ప్రైవేటు బడి పిల్లలకు లేదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. చెప్పే టీచర్ ఉన్న బడికి స్కాలర్‌షిప్ వస్తుంది, లేని బడికి రాదు.

నగరి అమ్మ:
అదే నేనూ అంటున్నా. రాష్ట్రానికి ఇన్ని అని కోటా ఉంది. మీ బడి బిడ్డకు వస్తే ఇంకో బడి బిడ్డకు పోతుంది. మీరెంత కష్టపడినా మొత్తం మీద ఒక్క స్కాలర్‌షిప్ కూడా పెరగదు. అదే గంటలో ఒక బిడ్డకు చదవడం నేర్పితే ఎవరిదీ లాక్కున్నట్టు కాదు.

అలిపిరి వాసి:
సర్టిఫికెట్ లేకపోతే ఇదంతా వృథా.

చంద్రగిరి మాస్టారు:
లాక్కోవడమా? పొద్దున అటెండెన్స్ యాప్, మధ్యాహ్నం భోజనం ఫొటోలు, ఇవన్నీ అయ్యాక నా ఇంటి సమయంలో చెప్తుంటే ఆ మాటా? అయిదేళ్లు ప్రైమరీలో చదవడం నేర్పని వాళ్లను అడగండి.

నగరి అమ్మ:
అడిగాను సార్. ప్రైమరీ వాళ్లు ఇంట్లో చెప్పమన్నారు, హైస్కూలు వాళ్లు ప్రైమరీని అడగమన్నారు. నాకు చదువు రాదు, ఈ మెసేజ్ మా కూతురు రాస్తోంది. మా పెద్దోడిని ఆరో తరగతి నుంచి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఒక్క టీచరూ పుస్తకం చదివించి చూడలేదు.

పలమనేరు కుర్రాడు:
అమ్మా, అది ఈ సార్ చేసింది కాదు కదా.

కుప్పం టీచరమ్మ:
నేను ప్రైమరీలో పనిచేస్తున్నాను, నా మాటా వినండి. ఒక్క టీచరే అయిదు తరగతులు చూసే బళ్లున్నాయి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూలు వాళ్లు అలాంటి ఊరి బళ్ల కోసమే పాఠాల కార్డులు తయారుచేశారు. బిడ్డ తన వేగంతో ఒక్కో మెట్టు ఎక్కుతాడు. ప్రథమ్ సంస్థ తరగతి చూడకుండా, ఎవరు ఎక్కడ ఆగారో చూసి గుంపులు చేయిస్తుంది: అక్షరం, పదం, పేరా, కథ. హైస్కూల్లోనూ చేయొచ్చు, కానీ బడి వేళల్లోనే. సాయంత్రం పెడితే బస్సు ఎక్కాల్సిన పిల్లలు, ఇంట్లో చెల్లిని చూసుకునే ఆడపిల్లలు ఉండలేరు. వెనకబడింది ఎక్కువగా వాళ్లే.

చంద్రగిరి మాస్టారు:
బడి వేళల్లో సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పది రిజల్ట్ తగ్గితే నోటీసు నాకే వస్తుంది. నా ముందున్న పిల్లల్లో కొందరినైనా పైకి పంపడం నా పని. రాష్ట్రం లెక్క నేను చూడలేను.

నగరి అమ్మ:
రాష్ట్రం వద్దు సార్, మీ వెనక బెంచీ చూడండి. వాళ్లూ మీ ముందున్న పిల్లలే. రేపు ఒక్కొక్కరి చేత పేరా చదివించి, ఎంతమందికి రాలేదో ఇక్కడ రాయండి. ఆ తర్వాత గంట ఎవరికివ్వాలో మాట్లాడదాం.

చంద్రగిరి మాస్టారు:
చదివిస్తాను. పరీక్ష అయ్యేదాకా సాయంత్రం గంట మాత్రం మార్చను.