పాత హల్లర్ మిల్లు: ఎప్పటిది, నూక ఎందుకింత?

ప్రశ్న (బొబ్బిలి దగ్గర నుంచి): మా ఊళ్లో మూతపడ్డ హల్లర్ (ధాన్యం పొట్టు తీసి బియ్యం పట్టే పాతకాలం యంత్రం) మిల్లును మళ్లీ నడపాలి. డీజిలింజను తీసేసి నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు పెట్టారు. శ్రీకాకుళం సన్నాలు మరాడిస్తే సగం నూకే వస్తోంది. ధాన్యం బాగా ఎండిందే. లోపం ఎక్కడుంది? మిల్లు ఏ కాలం నాటిదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1: అన్నా, ముందు పుల్లీలు (బెల్టు తిరిగే చక్రాలు) కొలవండి. పాత ఇంజన్లు ఎక్కువగా 650 చుట్లవి. ఇంజనుకి 12 అంగుళాలు, హల్లర్‌కి 10 అంగుళాల పుల్లీ ఉంటే హల్లర్ 780 చుట్లు తిరిగేది. అదే 12 అంగుళాల పుల్లీ ఇప్పుడు మోటారుకి తగిలిస్తే 1728 అవుతుంది. గింజ నిలవదు. మోటారుకి అయిదున్నర అంగుళాల పుల్లీ వెయ్యండి.

తర్వాత బ్లేడు. లోపల తిరిగే ఇనుప రోలర్‌కీ, పక్కన బిగించిన బ్లేడుకీ మధ్య సందు ధాన్యం గింజ మందం కంటే తగ్గకూడదు. అంచు గుండ్రంగా అరిగితే తిప్పి బిగించండి. చాలామంది బియ్యం ఒకేసారి తెల్లబడాలని బియ్యం బయటికొచ్చే తలుపు మూసేస్తారు. లోపల ఒత్తిడి పెరిగి గింజ విరిగేది అక్కడే. మొదటి విడత తలుపు వదులుగా పెట్టి ఊక పోనివ్వండి, చెరగండి, రెండో విడతలో కాస్త బిగించి పాలిష్ పట్టండి.

జవాబు 2: "బాగా ఎండింది" అన్నారు, నాకు అనుమానం అక్కడే. సిమెంటు కల్లంలో మిట్టమధ్యాహ్నం పల్చగా ఆరబోసినా, ఎండిన ధాన్యం రాత్రి మంచుకి తడిసినా లోపలి గింజ పగులుతుంది. ఇరవై గింజలు చేత్తో ఒలిచి వెలుతురుకి పట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీత కనిపిస్తే మిషనుది తప్పు కాదు. సన్న గింజకి ఈ బెడద మరీ ఎక్కువ. అంగుళం, అంగుళంన్నర మందాన పోసి అరగంటకోసారి తిరగెయ్యండి, తేమ 14 శాతానికి రాగానే ఆపండి. ఉప్పుడు ధాన్యమైతే ఇంత విరగదు.

జవాబు 3: కాలం సంగతి. ఈ యంత్రాన్ని 1885లో బ్రెజిల్‌లో ఎంగెల్‌బర్గ్ రూపొందించాడు, మొదట కాఫీ గింజల పొట్టు తియ్యడానికి. పొట్టు తియ్యడం, పాలిష్ పట్టడం ఒకే రోలర్ కింద జరుగుతాయి కాబట్టి ఊక, తవుడు కలిసిపోతాయి. నూరు కిలోల ధాన్యంలో ఊకే 20 కిలోల దాకా ఉంటుంది, అది కలిసిన తవుడు పశువులకే గాని నూనె తియ్యడానికి పనికిరాదు. రైస్ మిల్లుల మీద 1958లో చట్టం వచ్చి పర్మిట్టు, లైసెన్సు పద్ధతి నడిచింది, 1997లో రద్దయింది. పాత యజమాని ఇంట్లో లైసెన్సు కాగితం దొరికితే సంవత్సరం తేలిపోతుంది. లేకపోతే హల్లర్ పోత మీద తుప్పు గోకి అక్షరాలు చూడండి. తీసేసిన ఇంజను ఇంకా ఊళ్లోనే ఉంటే దాని ప్లేటు కూడా చదవండి, పాత ఇనుముకి అమ్మనివ్వకండి.

జవాబు 1: ఇంకొకటి మరిచాను. అడుగున జల్లి రేకు చిరిగిందేమో చూడండి. ఊకలో పెద్ద నూక కనిపిస్తుంటే అదే.