అవ్వ చెప్పే గోండి కథలు తెలుగు లిపిలో రాసుకోవచ్చా?

ఉట్నూరు_మనవడు: మా ఊరు ఉట్నూరు దగ్గర, పెరిగింది హైదరాబాద్‌లో. గోండి వింటే కొంత తెలుస్తుంది, మాట్లాడలేను. మాది ఎన్ని వేల్పుల సగ (వేల్పుల సంఖ్యను బట్టి గోండుల్లో ఉండే వంశాల గుంపు) అని ఎవరో అడిగితే నోరు పెగల్లేదు. అప్పటి నుంచి అవ్వ చెప్పే వంశం కథలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. తెలుగు లిపిలో రాసుకుంటే తప్పా?

గుంజాల_అక్షరం: తప్పే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో దొరికిన చేతిరాత పుస్తకాల్లో మన గోండి లిపి ఉంది. 2018లో ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్‌లోకీ వచ్చింది. ఇంకా అరువు అక్షరాలెందుకు?

కిక్రి_వినేవాడు: అన్నా, ఆ అవ్వకు ఏ లిపి వచ్చు? మన వంశ కథలు పాడే ప్రధాన్ పెద్దలు కిక్రి (తీగల వాద్యం) వాయిస్తూ రాత్రంతా చెప్పే కథ ఏ కాగితంలో చూసి చెప్తున్నారు?

గుంజాల_అక్షరం: ఆ పెద్దలు పోతే? హాస్టల్‌లో గోండి మాట్లాడానని నన్ను ఎండలో నిలబెట్టారు. రాత లేని భాష భాషే కాదన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను. లిపి విషయంలో తగ్గను.

నాగోబా_ఆడబిడ్డ: కెస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం వాళ్ళు కొత్త కోడళ్ళకు బేటింగ్ (వంశ వేల్పు నాగోబాకు పరిచయం) చేయిస్తారు కదా. పెద్దల వెనకాల నడిచే నేర్చుకుంటారు.

ఉట్నూరు_మనవడు: నేను లిపి నేర్చుకుంటాను. ముందు అవ్వ మాట దక్కాలి కదా.

గుంజాల_అక్షరం: మీ నాన్న ఇంట్లో గోండి మాట్లాడి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

ఉట్నూరు_మనవడు: మా నాన్న జోలికి రావద్దు. బస్సులో గోండి మాట్లాడితే జనం నవ్వారని మానేశాడు. నాకు ఆ అవమానం రావద్దని.

గుంజాల_అక్షరం: అవమానం మాకూ జరిగింది. మేం మానలేదు. పట్నంలో ఉండే మీరు పుష్య అమావాస్యకు నాగోబా జాతరకు వచ్చి వెళ్ళిపోతారు. జ్వరమొస్తే ముసలివాళ్ళను దవాఖానకు మోసేది ఇక్కడున్న మేము. కథలు మాత్రం మీ ఫోన్లలోకి పోతాయి. నా బాధ అదీ.

కిక్రి_వినేవాడు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే లిపి గొడవే వచ్చేది కాదు.

ఉట్నూరు_మనవడు: కాదనలేను అన్నా. ఒక రికార్డింగ్‌లో అవ్వ ఏదో వేల్పు పేరు చెప్పి ఏడ్చింది. నాకు అర్థం కాలేదు. ఇక్కడ పెడితే చెప్తారా?

గుంజాల_అక్షరం: పెట్టొద్దు. అది మీ ఇంటి వేల్పు మాట, అందరూ వినేది కాదు. ఊరికి రండి. మీ అవ్వ ఒప్పుకుంటే పక్కన కూర్చుని చెప్తాను.