అప్‌డేట్: వాక్యూమ్ కాక్ తీసేసి మామూలు పెట్రోల్ కాక్ పెట్టిన

పోయిన వారం అడిగిన గదా, పాత బండి రాత్రి నిలబెడితే పొద్దుగాల ఇంజిన్ ఆయిల్ల పెట్రోల్ వాసన వస్తుందని. మీరన్నట్టే వాక్యూమ్ కాక్ (ఇంజిన్ నడుస్తుంటే దాని గుంజుడుకు తనంతల తానే తెరుసుకొని, ఆగితే మూసుకునే పెట్రోల్ కాక్) పీకి, చేత్తో తిప్పేది పెట్టిన.

పాతది విప్పి లోపలి డయాఫ్రంను (పల్చని రబ్బర్ పొర) ఎండకు పట్టి చూస్తే సూది మొనంత చిల్లు! పెట్రోల్ అండ్లకెల్లి వాక్యూమ్ పైపుల పడి, ఇంటేక్ (ఇంజిన్లకు గాలి, పెట్రోల్ పోయే దారి) నుంచి ఇంజిన్లకు దిగుతుండె. ఆయిల్ నీళ్లలెక్క పల్చగైంది, మొత్తం మార్చిన.

కొత్త కాక్ హన్మకొండల దొరికింది. ట్యాంకు కింది రెండు బోల్టుల నడుమ దూరం కొలుచుకొని పోయిన, లేకుంటే రెండుసార్లు తిరుగుడే.

ఒక తప్పు చేసిన. ఇంటేక్ మీద వాక్యూమ్ పైపు తొడిగే ముక్కును మూయకుండనే స్టార్ట్ చేసిన. యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ దిగలే, అక్కడికెల్లి గాలి గుంజుతుంది మరి. రబ్బర్ టోపీ తొడిగి క్లిప్ బిగిస్తే దారికొచ్చింది.

ఇప్పుడు బండి ఆపినప్పుడల్లా కాక్ బంద్ చేయాలె. బంద్ చేసుడు యాదికుంటుంది గని తెరుసుడు యాదికుంటలేదు. నిన్న కార్బురేటర్ల మిగిలిన పెట్రోల్‌తోనే బయలెల్లి, కాజీపేట బ్రిడ్జి మీద ఆగిపోయిన. వెనుక బస్సాయన హారన్ ఇంకా చెవులల్లనే ఉంది.