స్టోన్ గ్రౌండ్ గ్రిట్స్ వండటం ఎలా? ఆదివారం పక్కింటి పెద్దావిడ బ్రేక్‌ఫాస్ట్‌కి వస్తున్నారు

చార్లెస్టన్_చిన్నమ్మి:

అందరికీ నమస్కారం. మేం టెక్సస్ నుంచి సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ మారి కొన్ని నెలలైంది. ఇక్కడ పొద్దున ఏ హోటల్‌కి వెళ్లినా ప్లేట్లో గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వతో జావలా వండేది) ఉండాల్సిందే. మా వారికి తెగ నచ్చేశాయి. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు, పుట్టి పెరిగింది ఇక్కడే. ఆవిణ్ణి ఈ ఆదివారం బ్రేక్‌ఫాస్ట్‌కి పిలిచాను, గ్రిట్స్ నేనే చేస్తానని కూడా చెప్పాను.

శనివారం మారియన్ స్క్వేర్ సంతలో తెల్ల స్టోన్ గ్రౌండ్ (రాతి తిరగలిలో విసిరిన) గ్రిట్స్ సంచి కొన్నాను. దాని మీద వండే పద్ధతి రెండు లైన్లకి మించి లేదు. ఒకటికి మూడు నీళ్లు అని సంచి మీద ఉంది, నెట్‌లో ఒకరు నాలుగంటారు, ఒకరు ఐదంటారు. ఏది నమ్మాలి? పాలతో ఉడికించాలా, నీళ్లతోనా? సంచిలో అక్కడక్కడా నల్ల చుక్కలున్నాయి, అవేమిటి? ఇండియన్ స్టోర్లో తెచ్చిన మక్కీ ఆటా (మొక్కజొన్న పిండి) ఇంట్లో ఉంది, చిక్కదనానికి కాస్త కలపొచ్చా? ఇంకోటి, నేను శాకాహారిని, ఇంట్లో రొయ్యలు వండను. రొయ్యలు లేకుండా గ్రిట్స్‌లోకి ఏం బాగుంటుంది?

ర్యాలీ_రాజు:

అంత శ్రమ ఎందుకండీ! క్విక్ గ్రిట్స్ డబ్బా కొనండి, 5 నిమిషాల్లో అయిపోతాయి. నేనైతే రెండు మూడు నీళ్లలో కడిగేసి, ఉడికించి, పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడతాను. ఇంట్లో ఎవరూ వంక పెట్టరు.

చార్లెస్టన్ అంటే గుర్తొచ్చింది. మీకు దగ్గర్లోనే సెయింట్ జార్జ్ అనే చిన్న ఊరుంది. 1986 నుంచి అక్కడ వరల్డ్ గ్రిట్స్ ఫెస్టివల్ చేస్తున్నారు. గ్రిట్స్ నింపిన తొట్టిలో జనం దిగి దొర్లుతారు. ఎవరి ఒంటికి, బట్టలకి ఎక్కువ బరువు అంటుకుంటే వాళ్లే గెలిచినట్టు. పిల్లలుంటే తీసుకెళ్లండి.

ఆగస్టా_బాబాయి:

చిన్నమ్మిగారూ, ఆదివారం వరకూ రాజు మాట పక్కన పెట్టండి (తమ్ముడూ, ఏమీ అనుకోకు). చార్లెస్టన్‌లో పుట్టిన పెద్దావిడకి డబ్బా గ్రిట్స్ పెడితే మర్యాద కోసం తినేసి వెళ్తారు, అంతే. పైగా మంచి సరుకు మీ చేతిలోనే ఉందాయె.

మా ఆవిడ నైట్ డ్యూటీ నర్సు. ఆదివారం పొద్దున తను ఇంటికొచ్చేసరికి గ్రిట్స్ పొయ్యి మీద వేడిగా ఉండాలి. ఆ డిపార్ట్‌మెంటు నాది. నాకు నేర్పింది తన వార్డులో పనిచేసే ఒక పెద్దాయన, మీ సౌత్ కరోలినా తీరంలో ఎడిస్టో ఐలాండ్ వైపు మనిషి. ఆయన పద్ధతే చెబుతున్నాను.

పని ముందు రాత్రే మొదలవుతుంది. ఒక కప్పు గ్రిట్స్ గిన్నెలో పోసి, 3 కప్పుల చల్లనీళ్లు పోసి, ఒక్కసారి తిప్పి వదిలేయండి. నిమిషంలో రవ్వ అడుక్కి దిగుతుంది, పొట్టు పైకి తేలుతుంది. గోధుమరంగులో పల్చటి పొరలు, వెలుతురుకి పట్టి చూస్తే అవతలి పక్క కనిపించేంత పల్చన. గిన్నె కాస్త వంచి, టీ వడకట్టుతో వాటిని ఏరేయండి. ఎంత ఉడికించినా మెత్తబడనిది అదే, పంటికింద పడేదీ అదే. నీళ్లు మాత్రం పారబోయకండి, వాటిలో దిగిన పిండే మనకి చిక్కదనం. మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

నల్ల చుక్కల గురించి కంగారు వద్దు. గింజ కంకికి అతుక్కునే మొన దగ్గర నల్లటి పొర ఒకటి ఉంటుంది. గింజని పూర్తిగా విసిరినప్పుడు అదీ నలిగి కలుస్తుంది. తెల్ల గ్రిట్స్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పసుపు రంగువాటిలో అంతగా తెలియదు. పురుగు పట్టిన సంచి అయితే రవ్వ ఉండలు కట్టి సన్నటి దారాలు కనిపిస్తాయి, అలాంటిది ఉంటే పారేయండి.

పొద్దున అడుగు మందంగా ఉన్న గిన్నెలో, నానిన నీళ్లతో సహా పోసి మీడియం మంట పెట్టండి. ఇక్కడి నుంచి ఉడుకు పట్టేదాకా గరిట ఆపకూడదు. కొన్ని నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత చూస్తుండగానే చేతికి బరువు తెలుస్తుంది. ఉండ కట్టినా, అడుగంటినా ఆ క్షణంలోనే. అప్పుడు మంట పూర్తిగా తగ్గించి మూత పెట్టేయండి. మూత లేకపోతే బుడగలు ఫట్‌మని పేలి స్టవ్ అంతా చిందుతుంది. మణికట్టు మీద పడితే అక్కడే అంటుకుని కాలుస్తుంది, తుడిస్తే పోదు, కుళాయి కింద పెట్టాల్సిందే. పొడుగు కాడ ఉన్న చెక్క గరిట వాడండి.

ఇక నీళ్ల లెక్క. ఒకటికి మూడా, నాలుగా, ఐదా అని కొట్టుకోవడం అనవసరం. రవ్వ ఎంత ముతక, గింజ ఎంత పాతది అన్నదాన్ని బట్టి మారుతుంది. నానబెట్టిన 3 కప్పులతో మొదలుపెట్టి, పక్క బర్నర్ మీద మరో 2 కప్పులు మరిగించి ఉంచుకోండి. పది నిమిషాలకోసారి మూత తీసి అడుగు గీరుతూ కలపండి, బిగుసుకున్నప్పుడల్లా పావు కప్పు వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ప్లేట్లో వేస్తే గ్రిట్స్ నెమ్మదిగా పరుచుకోవాలి. సంకటిలా ముద్దగా నిలబడితే నీళ్లు చాలలేదని అర్థం. మరీ పారుతుంటే మూత తీసి ఇంకాసేపు ఉంచండి.

నానినవైతే 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. నానబెట్టకపోతే గంటన్నర అయినా పట్టొచ్చు. గడియారం చూడకండి, కాస్త తీసుకుని ముందు పళ్లతో కొరికి చూడండి. మధ్యలో పలుకు తగిలితే ఇంకా కాలేదు. చాలామంది చిక్కబడింది కదా అని దింపేస్తారు. చిక్కబడటం వేరు, ఉడకడం వేరు.

సగం ఉడికాక ఒక టీస్పూన్ ఉప్పు వేయండి. దింపేముందు వేస్తే పైపైనే ఉంటుంది. పాలు మొదటి నుంచీ వద్దు, అడుగంటుతాయి. ఆఖరి పది నిమిషాల్లో అర కప్పు వేడి పాలు చాలు. దింపాక 2 టేబుల్ స్పూన్ల వెన్న. చీజ్ వేయాలనుకుంటే అదీ పొయ్యి మీంచి దింపాకే. అయినా మంచి గింజ దొరికినప్పుడు చీజ్ వేయడం నాకు నచ్చదు, మొక్కజొన్న వాసన కప్పేస్తుంది. చక్కెర సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పెద్దావిడ ముందు టేబుల్ మీద చక్కెర డబ్బా కూడా పెట్టకండి.

మక్కీ ఆటా కలపొద్దు. అది మెత్తటి పిండి, రవ్వ ఉడికేలోపే చిక్కబడి అడుగు పట్టేస్తుంది.

రొయ్యల గురించి. రొయ్యలూ గ్రిట్స్ మీ తీరంలో జాలర్ల ఇళ్లలో పొద్దుటి తిండి. దాన్ని దేశమంతా హోటళ్లకి ఎక్కించింది మాత్రం రాజు ఉండే ర్యాలీకి పక్క ఊరే. చాపెల్ హిల్‌లో బిల్ నీల్ అనే షెఫ్ చేసిన వంటకం గురించి 1985లో వంటల రచయిత క్రెయిగ్ క్లెయిబోర్న్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు, అక్కణ్ణుంచి పట్టుకుంది. మీకు రొయ్యలు అక్కర్లేదు. బెండకాయ, టమాటా కలిపి ఉడికించే కూర అమెరికా దక్షిణాది ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఉల్లిపాయ వేయించి, టమాటా మగ్గాక లేత బెండకాయలు వేసి, మిరియాలు చల్లి గ్రిట్స్ మీద పోయండి. పెద్దావిడకి అదేమిటో చెప్పే పని కూడా ఉండదు. వెన్నలో వేయించిన పుట్టగొడుగులూ బాగుంటాయి.

శాకాహారి అన్నారు కాబట్టి ఒక మాట. బయట తినేటప్పుడు గ్రిట్స్ చికెన్ స్టాక్‌లో వండారా అని అడగండి. పక్కన పెట్టే ఆకుకూరలో పంది మాంసం ముక్క వేసి ఉడికించడం ఇక్కడ మామూలు.

కొలంబియా_ఫార్మసిస్టు:

రాజు గారూ, పోపు మీ ఇష్టం గానీ, డబ్బా గ్రిట్స్ కడగడం మానండి. క్విక్ రకంలో మామూలుగా గింజలోని మొలక, అంటే మొలకెత్తే భాగం, తీసేస్తారు, త్వరగా పాడవకుండా. పోయిన విటమిన్లు, ఇనుము మళ్లీ విడిగా కలుపుతారు. డబ్బా మీద ఎన్‌రిచ్డ్ అని ఉండేది అందుకే. రెండు మూడు నీళ్లలో కడిగితే ఆ కలిపింది సింకులోకి పోతుంది.

దీని వెనక పెద్ద కథే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దక్షిణాది రాష్ట్రాల్లో పేదవాళ్లు మొక్కజొన్న, పంది కొవ్వు, మొలాసిస్ (చెరకు పాకం)లతోనే బతికేవాళ్లు, పెల్లాగ్రా అనే జబ్బుతో వేల మంది చచ్చిపోయారు. అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఇది తిండిలో లోపమని తేల్చారు. ఏ పదార్థం లోపించిందో, అంటే నియాసిన్ అనే బి విటమిన్ అని, 1937లో గానీ తెలియలేదు. అసలు ఈ గింజని మనిషికి అలవాటు చేసిన అమెరికా ఆదివాసులు సున్నం, బూడిద నీళ్లలో ఉడికించి పొట్టు తీసి తినేవాళ్లు. అలా చేస్తే గింజలో పట్టి ఉన్న నియాసిన్ ఒంటికి అందుతుంది. హోమినీ అంటే అలా చేసిన గింజే. చిన్నమ్మి గారు కొన్నలాంటి స్టోన్ గ్రౌండ్ సంచులు చాలావరకు హోమినీ కాదు, ఎండు గింజని నేరుగా విసిరినవి. పప్పు, కూర, పాలు తినేవాళ్లకి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

చార్లెస్టన్_చిన్నమ్మి:

బాబాయిగారూ, చాలా థ్యాంక్స్! బెండకాయ టమాటా ఖాయం. ఇంకో మూడు చిన్న సందేహాలు. ఆవిడ రావడం ఆలస్యమైతే గ్రిట్స్ బిగుసుకుపోవా? మిగిలిన సంచి పాంట్రీలో పెట్టొచ్చా? ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో) కుదురుతుందా? మిగతా వంటకి బర్నర్లు కావాలి.

ఆగస్టా_బాబాయి:

ఆలస్యమైనా ఫర్వాలేదమ్మా. మూత పెట్టి అతి సన్నని మంట మీద గంట వరకు ఉంచొచ్చు, వడ్డించేముందు కాస్త వేడినీళ్లు పోసి గట్టిగా తిప్పండి. నన్నడిగితే అలా ఉన్నవే ఇంకా బాగుంటాయి.

సంచి పాంట్రీలో వద్దు, ఫ్రీజర్లో పెట్టండి. మొలకలో నూనె ఉంటుంది, వేడికి ముక్కిపోతుంది. ఎప్పుడైనా సంచి తెరిచినప్పుడు తియ్యటి మొక్కజొన్న వాసన బదులు పాత నూనె వాసన వస్తే ఇక వాడకండి.

ఇన్‌స్టంట్ పాట్‌లో నేరుగా పోస్తే అడుగు పట్టి మెషీన్ గోల పెడుతుంది. అడుగున నీళ్లు పోసి, స్టాండ్ మీద స్టీలు గిన్నెలో నానిన గ్రిట్స్, మొత్తం 4 కప్పుల నీళ్లు పెట్టి, హై ప్రెషర్‌లో 15 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట అదే పోవాలి. తెరిచేసరికి పైన నీళ్లు, కింద గడ్డ కనిపిస్తుంది, విస్క్‌తో గట్టిగా కలిపితే సర్దుకుంటుంది. మామూలు రోజుల్లో నేనూ అదే చేస్తాను. ఈ ఆదివారం మాత్రం పొయ్యి మీదే చేయండి, కూర ముందే చేసి పక్కన పెట్టుకోండి.

మిగిలితే వేడిగా ఉండగానే బ్రెడ్ పాన్‌లో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాటికి గట్టిపడతాయి. అర అంగుళం మందాన బిళ్లలు కోసి, మైదా అద్ది, ఇనప పెనం మీద వెన్నతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. పెనం బాగా కాగకముందే వేస్తే అంటుకుంటాయి, వేశాక ఊరికే కదపకండి.

గిన్నె మాత్రం వెంటనే తోమకండి. చల్లనీళ్లు నింపి సాయంత్రం దాకా వదిలేస్తే అడుగున పట్టిన పొర మొత్తం ఒకే రేకుగా ఊడొస్తుంది. అది సింకులో వేస్తే గొట్టం పూడిపోతుంది, చెత్తబుట్టలో వేయండి.